నీటి మట్టం

ఫిజిక్సు ప్రీఫైనల్ పేపరు చూసి నాకు ఒళ్ళు మండింది. బావిలో రాయి వదిలితే రెండు సెకన్లకు నీటిని తాకింది, నీటి మట్టం ఎంత లోతున ఉంది అని ప్రశ్న. మా అమ్మాయి శిల్ప సూత్రం రాసింది, ఇరవై మీటర్లు తెచ్చింది. అక్కడ ఆగుంటే బాగుండేది. మా నందికొట్కూరు వైపు బావి లోతును మట్లలో చెబుతాం. మట్టు అంటే మనిషెత్తు. ప్రశ్నలో మట్టం అన్న మాట కనపడగానే అడిగింది మట్లే అనుకుని, మళ్ళీ వాళ్ళ తాత ఎత్తుతో భాగించి, ‘పన్నెండు మట్లు’ అని రాసి కింద రెండు గీతలు కొట్టింది. సారు సున్నా చుట్టాడు.

నోటికొచ్చినట్టు తిట్టాను. సారును కూడా వదల్లేదు, ఎదురుగా లేడు కాబట్టి. అంతా విని శిల్ప పుస్తకం మూసేసింది.

“నాకు ఫిజిక్సు రాదు నాయినా. సీఈసీకి మారతా.”

ఫ్యాను ఆపితే వెంటనే ఎందుకు ఆగదు, కుండలో నీళ్ళు ఎట్లా చల్లబడతాయి అని పసితనం నుంచీ నా ప్రాణం తోడేసిన పిల్ల ఇది. పరీక్షలు వారంలో ఉన్నాయి. పద, ఆ రాయేదో మన బావిలోనే వేద్దాం అన్నాను.

మా బావిలో నీళ్ళు చూసి ఏళ్ళయింది. రాయి పడితే బుడుంగుమనదు, దబ్బుమంటుంది. శిల్ప మూతి ముడుచుకునే ఫోన్లో టైము పట్టింది. మళ్ళీ మళ్ళీ వేసినా దాదాపు ఒకటి పాయింట్ ఎనిమిది సెకన్లే వచ్చింది. లెక్క కట్టి పదహారు మీటర్ల పైమాట అంది. మా నాయన తిమ్మయ్య తాడుకు రాయి కట్టి దించాడు. తాడు పరిచి టేపు పెడితే పదిహేనున్నర.

“దగ్గరికొచ్చిండాది గదా, ఇంక సాలు. ఇంటికి పోయి సదువుకో” అన్నాను.

కదల్లేదు. రాయి బరువుకు తాడు సాగిందా, ఫోను నొక్కడం ఆలస్యమైందా అని తనలో తనే గొణుక్కుంది. ఒకసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బావిలోకి కేకేసి, తిరిగొచ్చిన కేకను తల వంచి విన్నది. పిల్లకు ఏమైందోనని మా నాయన నా మొహం చూశాడు.

“నాయినా, రాయి కిందికి పోతే సాలదు. సప్పుడు పైకి రావాల గదా. దానికీ టైము పడుతుంది.”

గట్టు మీదే కూర్చుని, ఫోన్లో నొక్కి, చేతి మీద పెన్నుతో రాసుకుని, కొట్టేసి, మళ్ళీ రాసింది. పదహారు దిగి పదిహేనున్నర దగ్గరికొచ్చింది. పెదవి కొరుక్కుంటూ నవ్వింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అయినా నా నోరు ఊరుకోదు కదా. సీఈసీ సంగతి రేపే కాలేజీలో మాట్లాడి వస్తానులే అన్నాను.

శిల్ప నా వైపు చూడనే లేదు. బావిలోకి వంగి, వెనక్కి చెయ్యి చాపింది.

“ఇంకో రాయి ఇయ్యి నాయినా. ఈసారి శానా పెద్దది. బరువుదైనా ముందు పడదంటారు గదా, చూద్దాం.”