అంతరిక్ష నౌకలో శోకాలు

మీగడ గిన్నె మీద మూత లేదు. పిల్లి తాగినంత తాగి, మిగిలినదాంట్లో ఒక వెంట్రుక వదిలిపోయింది.

"రాత్రి ఆఖరున తిన్నది నువ్వే," అంది కులీపా, గిన్నెను భర్త ముందుకు తోస్తూ.

"నేనా? నేను జామ్ వేసుకుని తిన్నా. మీగడ జోలికే పోలేదు." ఎసెన్‌బై రొట్టె నములుతూనే గొంతు పెంచాడు. "అయినా ఈ ఇంట్లో మూతలు పెట్టే పనెవరిదే? నాదా, పిల్లిదా?"

"పిల్లికైనా సిగ్గుంది, తాగేసి దాక్కుంది. నువ్వు ఎదురుగా కూచుని వాదిస్తున్నావు."

"ఇద్దర్లో ఎవరో ఒకరు ఒప్పుకోండర్రా, టీ చల్లారిపోతోంది," అంది మూల పరుపు మీంచి అత్తగారు బుబుకన్.

అప్పుడు ఎసెన్‌బై జేబులో ఫోను మోగింది. అతను తెర చూసి, లేచి, పెరట్లోకి వెళ్ళాడు. మామూలుగా ఇంట్లో అందరి ముందూ అరుస్తూ ఫోను మాట్లాడే మనిషి. కిటికీలోంచి కులీపాకు అతని వీపు కనిపించింది. కాసేపటికి ఆ వీపు కొంచెం వంగింది.

తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "మూత నేనే పెట్టలేదు. తప్పు నాదే."

కులీపా చేతిలోని కెటిల్ గాల్లోనే ఆగిపోయింది.

కాపురానికి వచ్చిననాటి నుంచి ఎసెన్‌బై నోట ఆ మాట ఆమె వినలేదు. ట్రాక్టరును కాలవలో పడేసిన రోజు కూడా తప్పు కాలవదే అన్నాడు.

"ఫోను ఎవరు?"

"సినిమావాళ్ళు. తొందరగా రమ్మంటున్నారు." అని, కొక్కేనికి వేలాడుతున్న ఆమె కోటు తీసి, తొడుక్కోవడానికి వీలుగా పట్టుకున్నాడు.

ఆ కోటులోకి చేతులు దూరుస్తూనే కులీపా మెడ తిప్పి అతని కళ్ళు చూసింది.

ఆ ఊళ్ళో చావు కబురు ఎవరూ సూటిగా చెప్పరు. పోయినవాళ్ళ రక్తసంబంధీకులకు పెద్దలే చెప్పాలి, కూర్చోబెట్టి, మాటను తిప్పి తిప్పి, మనసు కుదుటపరిచి చెప్పాలి. అప్పటిదాకా ఊరంతా తెలిసీ తెలియనట్టు ఉంటుంది. కులీపా తొలిచూలు బిడ్డను ఊయలలో వేసిన పండగనాడు పొద్దున్నే ఆమె తల్లి పోయిందని కబురు వచ్చింది. వచ్చినవాళ్ళు తిని వెళ్ళాక చెబుదామన్నారు పెద్దలు. ఆ రోజు తోడికోడళ్ళు ఆమె చేత పని చేయించలేదు. మామగారు తన చేత్తో మంచి మాంసం ముక్క తీసి ఆమె పళ్ళెంలో పెట్టాడు. తనమీద ఎంత ప్రేమో అని ఆమె మురిసిపోయింది. ఆమెను పుట్టింటికి చేర్చేసరికి తల్లి సమాధి మీద మట్టి ఎండిపోయి ఉంది.

అప్పటినుంచి ఎవరైనా కాస్త మెత్తగా మాట్లాడితే కులీపా ముందు వాళ్ళ కళ్ళు చూస్తుంది. బడి వంటశాలలో పనిచేసిన రోజుల్లో ఒకసారి హెడ్‌మాస్టరు పూలగుత్తి ఇస్తే, దాన్ని టేబుల్ మీద పడేసి పుట్టింటికి ఫోన్లు చేసింది. ఆడవాళ్ళ దినోత్సవమని అందరూ గుర్తుచేస్తే గానీ ఊపిరి పీల్చుకోలేదు.

"నా ఫోనేది?" అంది ఇప్పుడు.

"ఛార్జి లేదు. వ్యానులో పెట్టా."

రాత్రి నిద్రపోయే ముందు తనే ఛార్జి పెట్టింది.

ఊరి పక్కనున్న సరస్సు కనపడని చోట, ఎర్రమట్టి దిబ్బల మధ్య సినిమావాళ్ళు అంగారక గ్రహం పెట్టుకున్నారు. వాళ్ళ అంతరిక్ష నౌక కులీపావాళ్ళ కంబళి గుడారమే. ఇళ్ళలో వేడినీటి గొట్టాల వెనక గోడకు అంటించే, కాగితమంత పల్చటి వెండిరంగు రేకు కొనుక్కొచ్చి, గుడారానికి లోపలా బయటా చుట్టారు. లోపల అట్ట గుడ్లపెట్టెలకు వెండిరంగు పూసి వరసగా బిగించారు. వాటిమీద పాత బట్టలుతికే యంత్రాల మీటలు ఉన్నాయి. ఫ్రిజ్ తలుపు ఒకటి నౌక తలుపయింది. గాలి రేకును ఎత్తుకుపోకుండా కట్టడం, చిరిగినచోట కుట్టడం, వ్యోమగాముల దుస్తులకు అతుకులు ఊడితే మళ్ళీ వేయడం కులీపా పని. కంబళి కుట్టే లావు సూదితోనే కుట్టేది. కొత్తలో రేకు చిరిగేది. ఇప్పుడు ఎంత లాగాలో ఆ వేళ్ళకు తెలుసు. కుడి బొటనవేలు మీద సూది గుచ్చుకున్న చోట చర్మం గిట్టలా గట్టిపడింది.

"అంతరిక్ష రాణీగారు వేంచేశారు!" అని రోజూ కేకేసేది సినిమావాళ్ళకు వంట చేసే పక్కింటి కాలీచా. ఇవాళ ఆ కేక లేకుండా పొయ్యి దగ్గర్నుంచి పరుగున వచ్చింది.

"చలిగా ఉందే. కూచో. నేను పోస్తా టీ."

"నువ్వెందుకు పోస్తావు?"

"పోయకూడదా ఏం?"

"నిన్న నా దగ్గర ఉప్పడిగి, నా ఉప్పు కూడా నాలాగే చేదన్నావు."

కాలీచా నవ్వింది. నవ్వు కళ్ళదాకా రాలేదు. టీ గిన్నె అందిస్తూ కులీపా మణికట్టును ఒక క్షణం పట్టుకుని వదిలింది.

కులీపా టీ తాగకుండా రేకు కట్టడానికి వెళ్ళింది. తాళ్ళు బిగిస్తూ మనుషుల్ని చూసింది. కెమెరా కుర్రాళ్ళు ఆమె వస్తే మాట ఆపుతున్నారు. ఎసెన్‌బై వ్యాను వెనక నిలబడి మళ్ళీ ఫోను మాట్లాడుతున్నాడు. తన మాటలు వినబడకుండా ఇంజను ఆన్ చేశాడు. పెట్రోలు పోయించిన ప్రతిసారీ ఎవరో దొంగిలించినట్టు గొణిగే మనిషి ఊరికే ఇంజను తిప్పుతున్నాడు.

ఎవరు? కూతురా? కూతురైతే ఎసెన్‌బై నిలబడలేడు. బాలిక్చీలో ఉన్న అక్క జూరాకనా? కనుమ అవతల నరీన్‌లో ఉన్న అన్న ముకంబెతా? అక్కకు చక్కెర జబ్బు. అన్నకు పోయిన చలికాలంలో ఆయాసం వచ్చింది. ఎసెన్‌బై పినతండ్రి అయితే? అయితే తనకు దాచాల్సిన పనేముంది?

దర్శకుడు అదిలెత్ దగ్గరికి వెళ్ళింది. రాజధాని బిష్కెక్ నుంచి వచ్చిన కుర్రాడు, ఎప్పుడూ ఎవరో ఒకరిని బతిమాలుతూనే ఉంటాడు. వారం రోజులుగా కులీపానే బతిమాలాడు. సినిమాలో నౌక కెప్టెన్ చనిపోతుంది. అంగారకుడి మీద చచ్చిపోయినా మన మనిషి మన మనిషేగా అక్కా, మనవాళ్ళు పెట్టే శోకాలు కావాలి, నువ్వు పెట్టాలి అన్నాడు. ఉత్తినే శోకాలు పెడితే నిజమైన చావును పిలిచినట్టేనని బుబుకన్ గోల చేసింది. ఎవరి పేరూ పలక్కుండా పెడతానని ఒప్పించింది కులీపా. ఆ పని ఇవాళే.

"ఎప్పుడు మొదలెడదాం తమ్ముడూ?"

"ఇవాళొద్దులే అక్కా." అదిలెత్ మెడలోని మఫ్లరును సర్దుకున్నాడు. "శబ్దం పట్టే యంత్రం పాడైంది. నువ్వు ఇంటికెళ్ళి పడుకో. మొహం వాడిపోయింది."

అతని వెనకే, చెవులకు పెద్ద తొడుగులు పెట్టుకున్న మనిషి గొర్రెల గంటలు వినబడే వైపు మైకు తిప్పి పట్టుకున్నాడు. గంట మోగినప్పుడల్లా యంత్రంలో ముల్లు గెంతుతోంది.

"నీ ఫోనోసారి ఇవ్వు తమ్ముడూ. అక్కతో మాట్లాడాలి."

అతను జేబు తడిమి, ఎసెన్‌బై వైపు చూశాడు. "ఇక్కడ సిగ్నలు లేదక్కా."

అప్పుడు కులీపాకు అనుమానం పోయింది. చావు జరిగింది. ఎవరిదన్నదే తేలాలి.

నౌకలో కెప్టెన్ వేషం వేసే ఐజాన్ అప్పటికే వెండిదుప్పటి కింద శవంలా పడుకుని ఉంది. దీపాలు వెలుగుతున్నాయి. కులీపా ఫ్రిజ్ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. చావింట్లో ఆడవాళ్ళు కూర్చున్నట్టే గుమ్మానికి వీపు పెట్టి, గోడకేసి తిరిగి, నడుము మీద రెండు చేతులూ పెట్టి కూర్చుంది. ఎదురుగా రేకు. అందులో గుమ్మం వంకరటింకరగా కనిపిస్తోంది. గుమ్మంలోకి ఎసెన్‌బై, కాలీచా, అదిలెత్ ఒకరి వెనక ఒకరు వచ్చి చేరారు.

ఆమె గొంతెత్తింది.

"నా ముందు నడిచినదానా, నా జడ అల్లినదానా, జూరాకన్ అక్కా, నీ గడపలో వెలుగు ఆరిందా..."

"ఏయ్!" ఎసెన్‌బై అరుపుకు ఐజాన్ దుప్పటి కింద ఉలిక్కిపడింది. "నోరు ముయ్యి! బతికున్న మనిషే అది! ఇందాకే నాతో మాట్లాడింది!"

"ఉమ్మెయ్యవే! అపశకునం పోతుంది, వెంటనే ఉమ్మెయ్!" అని కాలీచా గుండె చరుచుకుంది.

కులీపా ఉమ్మింది. ఊపిరి తీసుకుంది. రేకులో కనిపించే మొగుడి మొహం మీంచి చూపు తిప్పలేదు.

"నన్ను గుర్రం మీద ముందు కూచోబెట్టుకున్నవాడా, ఏరు దాటించినవాడా, ముకంబెత్ అన్నయ్యా..."

ఎవరూ అరవలేదు.

ఆమె ఆగింది. ఆపమని అంటారని ఎదురుచూసింది. తిట్టమని లోపల్లోపల వేడుకుంది. ఉమ్మమని కాలీచా అనలేదు. రేకులో ఎసెన్‌బై టోపీ మెల్లగా కిందికి దిగి, గుమ్మం దగ్గర గొంతుక్కూర్చున్న ఆకారమైంది.

అప్పుడు వచ్చిన శోకంలో మాటలు ఆమె వెతుక్కోలేదు. అన్న మీద మొదలై తల్లి మీదికి పోయింది. తల్లి సమాధి మీద ఎండిన మట్టిని తిట్టింది. తను మురిసిపోతూ తిన్న మాంసం ముక్కను తిట్టింది. శవం లేచి కూర్చుని మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది. అదిలెత్ చెయ్యెత్తి యంత్రం ఆపించాడు. ఆపమని అతనికి ఎవరూ చెప్పలేదు.

చాలించాక కులీపా తలగుడ్డ అంచుతో మొహం తుడుచుకుని ఇటు తిరిగింది. "ఎప్పుడు?"

"తెల్లారగట్ల. గుండె ఆగిందట," అన్నాడు ఎసెన్‌బై నేల చూస్తూ.

"మట్టి?"

"రేపు మధ్యాహ్నం. సాయంత్రం మా అన్నయ్య సుయున్ వస్తున్నాడు. పద్ధతి ప్రకారం నీకు చెప్పి, పొద్దున్నే అందరం కలిసి..."

"పొద్దుటికి కనుమ మీద మంచు పడితే?"

దిబ్బల మీద ఆకాశం అప్పటికే బూడిదరంగులో ఉంది.

నల్లబట్టల కోసం ఇంటికి వచ్చేసరికి, నేల మీద భోజనానికి వేసే దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి ఉంది. బావగారు సుయున్ అనుకున్నదానికంటే ముందే వచ్చి నడిమధ్య కూర్చున్నాడు. పక్కన ఇద్దరు ముసలివాళ్ళు. ఉడికిన మాంసం ఆవిర్లు కక్కుతోంది. అందరికీ దగ్గరగా, మెత్తటి పరుపు వేసి, కులీపాకు చోటు ఉంచారు. ఆమె ఎన్నడూ కూర్చోని చోటు.

ఆమె లోపలి గదిలోకి వెళ్ళి, నల్లబట్టలు కట్టుకుని వచ్చి, గుమ్మం దగ్గర తను రోజూ కూర్చునే చోటే కూర్చుంది.

సుయున్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా కులీపా. మీ పుట్టింటి కొండ మీద ఒక డేగ ఉండేది. రెక్క చాపితే లోయంతా నీడ పడేది. డేగ ఎంతటిదైనా, ఒకనాటికి గూడు విడిచి..."

"డేగ కాదు బావగారూ. మా అన్నయ్య. ముకంబెత్. పోయాడు." కులీపా గొంతు మామూలుగానే ఉంది. "ఆ మాట అనడానికి ఇంత మాంసం ఉడకాలా?"

ముసలివాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. సుయున్ గడ్డం నిమురుకున్నాడు.

"సినిమావాళ్ళ బండి బయట ఉంది. నేనిప్పుడే వెళ్తున్నా. రేపు మట్టికి ముందే అన్నయ్య మొహం చూస్తా. నలభయ్యో రోజు భోజనాలు పెట్టేదాకా అక్కడే ఉంటా. ఆ తర్వాత వచ్చేదీ రానిదీ అక్కడే ఆలోచించుకుంటా."

"రానిదీ ఏంటే?" ఎసెన్‌బై సగం లేచాడు. "నేనూ వస్తా పద."

"నువ్వు రేపు మీవాళ్ళతో రా. గొర్రెను తీసుకుని, పద్ధతి ప్రకారం రా. దారి పొడుగునా నువ్వు పక్కన కూచుంటే, ఇంకా ఏం దాచావోనని నీ మొహమే చూస్తూ పోవాలి. నాకా ఓపిక లేదు."

అతను కూర్చుండిపోయాడు.

బుబుకన్ గుండ్రటి రొట్టె ఒకటి తీసింది. "కొరికి వెళ్ళు తల్లీ. గడప దాటే మనిషి రొట్టె కొరకాలి. కొరికితే, మిగిలింది తినడానికి తిరిగొస్తారు."

కులీపా వంగి, రొట్టెను అత్తగారి చేతిలో ఉండగానే నోటికి తాకించి, తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. బండి తలుపు మూసుకున్న చప్పుడు, గులకరాళ్ళ మీద చక్రాల చప్పుడు, తర్వాత కుక్క మొరుగు.

బుబుకన్ రొట్టెను కిటికీ వెలుతురుకు తిప్పింది. ఎసెన్‌బై దగ్గరికి జరిగి చూశాడు. సుయున్ కళ్ళజోడు పెట్టుకున్నాడు.

అంచున గోరంత లోటు ఉంది. అది పంటిగాటో, పొయ్యిలోంచి తీసేటప్పుడే పెచ్చు రాలిన చోటో ఎవరికీ తేలలేదు. రొట్టెను అలాగే, ఆ అంచు పైకి ఉండేలా, గుడ్డ మీద పెట్టారు.