గీతలు తేలేదాకా

"మీరేం చేస్తుంటారు?" అని మామగారు అడిగేసరికి ఆమె ఒక చేతిలో ఎంగిలి పళ్ళాలు, ఇంకో చేతిలో మంచినీళ్ళ జగ్గు, చంకలో తీగ మీంచి తీసుకొచ్చిన దుప్పటి ఉన్నాయి.

"ఏమీ చేయనండి" అంది.

"ఊహూఁ, అలా కాదు. ఆగి, కళ్ళల్లోకి చూసి, స్థిమితంగా చెప్పాలి. సాక్షి నీళ్ళు నమిలితే కేసు పోయినట్టే. మళ్ళీ అడుగుతున్నాను. మీరేం చేస్తుంటారు?"

ఆమె పళ్ళాలు సింకులో వేసి, జగ్గు బల్ల మీద పెట్టి, దుప్పటి కుర్చీకి తగిలించి, చేతులు తుడుచుకుని, స్థిమితంగా నిలబడి చెప్పింది. "ఏమీ చేయనండి. ఇంట్లోనే ఉంటాను."

"శభాష్" అన్నారు మామగారు.

ఆయన కోర్టులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి. ఉద్యోగమున్నన్నాళ్ళూ జడ్జిగారి కింద కూర్చుని ఊళ్ళోవాళ్ళ సాక్ష్యాలన్నీ రాసుకున్నారే గానీ, ఎవర్నీ ఒక్క ప్రశ్న అడిగే అవకాశం రాలేదు పాపం. ఆ ముచ్చట ఇప్పుడు తీరుతోంది. వీసా ఇంటర్వ్యూకి ఇంటిల్లిపాదినీ తయారుచేసే పని తనంతట తానే నెత్తినేసుకుని, భోజనాలు అవగానే కళ్ళజోడు ముక్కు చివరికి దించి, వీసా ఆఫీసరైపోయేవారు. కోడలిని ఆయన 'మీరు' అనేది రోజు మొత్తంలో ఆ పావుగంటే.

వాళ్ళది లాండ్రీ. వీధి వైపు అద్దాల గది, అందులో కౌంటరు, కౌంటరు వెనక ఆమె భర్త. దాని వెనక ఇంకో గది ఉంది. కిటికీ లేదు, పొగ బయటికి లాగే ఫ్యాను మాత్రం ఉంది. అక్కడ ఓ రాతి బల్ల, నాలుగైదు రకాల బ్రష్షులు, బ్లీచింగు డబ్బాలు, మూత తీస్తే కళ్ళు మండే సీసాలు, వాటి మధ్య ఆమె. సిరా, గ్రీజు, నెత్తురు, కాఫీ, తుప్పు... ఏ మరకకి వేడినీళ్ళు తగిలితే మొండికేస్తుందో, ఏది చన్నీళ్ళకే లొంగుతుందో ఆమె వేళ్ళకి తెలుసు. 'అక్కడిస్తే మరక పోతుంది' అని ఊళ్ళో పేరొచ్చింది. పేరు లాండ్రీకి వచ్చింది, లాండ్రీ భర్త పేరు మీద ఉంది గనక అది నేరుగా అతని ఖాతాలో పడింది. ఎవరైనా వెనక గదిలోకి తొంగిచూస్తే అతను నవ్వుతూ, "మా ఆవిడండీ. ఖాళీగా కూర్చోలేదు, ఏదో కాలక్షేపానికి వస్తుంది" అనేవాడు. ఆ కాలక్షేపం పొద్దున్నే షట్టరుతో పాటు లేచి, షట్టరు పడ్డాక గానీ ముగిసేది కాదు. ఆ తర్వాత ఇంటి పని. దానికి కాలక్షేపమన్న పేరు కూడా లేదు.

అసలీ వీసాల సంగతి ఎలా మొదలైందంటే, పరాయి దేశంలో హోటళ్ళు నడిపే స్నేహితుడొకడు ఆమె భర్తకి కబురు చేశాడు. దుప్పట్ల మీద, బల్ల గుడ్డల మీద మరకలతో చచ్చిపోతున్నామనీ, వచ్చి లాండ్రీ పెడితే పనంతా నీకే ఇస్తామనీ. భర్త ఇంట్లో అందరికీ అరచేతిలో స్వర్గం చూపించాడు. కూతురికి మంచి బడి, మామగారి మోకాళ్ళకి మంచి డాక్టరు, అత్తగారికి మెట్లెక్కనక్కర్లేని ఇల్లు. "మరి నాకు?" అని ఆమె నవ్వుతూ అడిగితే, "నీకు వెనక గది ఇంతకి రెండింతలుంటుందోయ్. కిటికీ కూడా ఉందట!" అన్నాడు. నిజంగానే సంతోషపెడుతున్నాననుకున్నాడు.

వీసాల ఏజెంటు గదిలో కూలరు గడగడలాడుతోంది. అతను రెండు దారులున్నాయన్నాడు. "మేడమ్‌ని వ్యాపారంలో భాగస్తురాలిగా పెడితే ఆవిడకి సొంతంగా అయిదేళ్ళుండే లాంగ్ స్టే వీసా వస్తుంది సార్, పని చేసుకునే హక్కూ ఉంటుంది. కాకపోతే వాటా రాయాలి, ఫీజు ఇంకొంచెం అవుతుంది, ఓ నెల ఆలస్యం. లేదంటే మీ మీద ఆధారపడ్డ మనిషిగా పెట్టేద్దాం. పని సులువు. కానీ ఆవిడ అక్కడ ఏ పనీ చేయకూడదు."

"రెండోదే కానివ్వండి" అన్నాడు భర్త. "నా పేరైతేనేం, ఆవిడ పేరైతేనేం? అంతా ఒకటేగా."

"మరి అక్కడ మరకలెవరు తీస్తారు?" అంది ఆమె.

ఏజెంటు నవ్వాడు. "వెనక గదిలోకి ఎవరొచ్చి చూస్తారు మేడమ్?"

భర్తా నవ్వాడు. "ఎవరైనా వస్తే టీ ఇవ్వడానికి వచ్చానని చెప్పు."

ఆమె కూడా నవ్వింది. నలుగురూ నవ్వేటప్పుడు నవ్వకపోతే పుల్లవిరుపు మనిషంటారని చిన్నప్పుడే నేర్చుకుంది. కానీ దార్లోనూ, ఇంటికొచ్చాక కూడా ఆ టీ మాట ఆమెని వదల్లేదు.

వీసా ఆఫీసుకి అయిదుగురూ ఇస్త్రీ మడతలు నలగకుండా వెళ్ళారు. ముందు వేలిముద్రలు, తర్వాత ఇంటర్వ్యూ అన్నారు. ఇల్లంతటికీ ఒకే ఫైలు. భర్త వేళ్ళు గాజు పలక మీద పెట్టగానే పచ్చ దీపం వెలిగింది. కూతురికి వెలిగింది. మామగారికి వెలిగితే ఆయన కేసు గెలిచినట్టు అందరి వంకా చూశారు. అత్తగారికీ వెలిగింది. ఆమె పెట్టింది. ఎర్ర దీపం.

కౌంటరు దగ్గరున్న అమ్మాయి గాజు తుడిచింది. ఆమె వేళ్ళు తుడిచింది. ఏదో క్రీము రాసి, తన వేళ్ళతో వాటిని పలక మీద నొక్కి పట్టింది. ఎర్ర దీపం. ఒక్కో వేలూ విడిగా పెట్టించింది. పదికి పదీ ఎరుపే. వెనక వరుసలో ఎవరో విసుక్కున్నారు. భర్త "సరిగ్గా నొక్కవోయ్" అన్నాడు. ఆ అమ్మాయి ఆమె చేతులు తిరగేసి, వెలుతురుకి పెట్టి చూసింది. వేళ్ళ చివర్లు నదిలో రాళ్ళలా నున్నగా ఉన్నాయి.

"గీతలు అరిగిపోయాయి మేడమ్. మీరేం పని చేస్తారు?"

ఇన్నాళ్ళ అభ్యాసం ఊరికే పోలేదు. కళ్ళల్లోకి చూసి, స్థిమితంగా చెప్పేసింది. "ఏమీ చేయనండి. ఇంట్లోనే ఉంటాను."

అమ్మాయి ఆమె ముఖం చూసింది, మళ్ళీ వేళ్ళు చూసింది. ఇంకేమీ అనలేదు. ఆ అనకపోవడానికి ఆమెకు సిగ్గుతో ఒళ్ళు కాలిపోయింది. తిట్టినా బాగుండుననిపించింది.

"ఓ పదిహేను రోజులు నీళ్ళల్లో, సబ్బుల్లో, మందుల్లో చేతులు పెట్టకండి. నూనె రాస్తూ ఉండండి, మళ్ళీ తేలతాయి. అప్పుడు రండి, ఇంటర్వ్యూ కూడా అప్పుడే. ఈవిడ ముద్రలు పడేదాకా మీ ఫైలు కదలదు" అంది అమ్మాయి, భర్త వైపు తిరిగి.

ఇక ఆ ఇంట్లో జరిగిన వైభోగం చూడాలి! ఆమె గ్లాసు కడగబోతే అత్తగారు పరిగెత్తుకొచ్చి లాక్కునేవారు. మామగారు పంచాంగం చదివినంత శ్రద్ధగా సబ్బు పెట్టె మీద రాసిందంతా చదివి, అప్పుడు రెండు గిన్నెలు తోమి, నడుం పట్టేసిందని పడుకునేవారు. కూతురు గదులు ఊడ్చింది, మూలలు వదిలేసి. భర్త వెనక గదిలో దిగాడు. మొదటి రోజే ఒక డాక్టరుగారి తెల్లకోటు మీదున్న సిరా చుక్కని పోగొట్టబోయి నీలం చెరువు చేశాడు. రెండో రోజు దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ ఇంటికొచ్చి, "ఆ గదిలో మనిషన్నవాడు ఉండగలడా!" అన్నాడు. ఎవరితో అంటున్నాడో అతనికి తట్టలేదు. తలప్రాణం తోకకొచ్చిందంటూ కుర్చీలో కూలబడి, టీ కోసం అలవాటుగా ఆమె వంక చూసి, నాలిక్కరుచుకుని, తనే లేచాడు.

రోజూ సాయంత్రం అతనే ఆమె వేళ్ళకి నూనె రాసేవాడు. పెళ్ళైన కొత్తలో తప్ప అతను చెయ్యి పట్టుకున్న జ్ఞాపకం లేదామెకు. మొదటి రోజు ఆ వేడికి గుండె ఝల్లుమంది. ఇన్నేళ్ళ కోపమంతా కరిగిపోతుందేమోనని భయపడింది కూడా. అంతలో అతను ఆమె చూపుడువేలు దీపం దగ్గరికి ఎత్తి, ఒక కన్ను మూసి, "రాలేదింకా" అన్నాడు. చొక్కా మీద మరక పోయిందో లేదో చూసేటప్పుడు ఆమె కూడా అలాగే చూస్తుంది. అతను చూస్తున్నది తన ఫైలుని. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని, ఇక తనే రాసుకుంటానంది.

పని లేని మధ్యాహ్నాలు ఎలా ఉంటాయో ఆమెకు అప్పుడే తెలిసింది. ఇరుగుపొరుగు ఇళ్ళల్లో కుక్కరు కూతలు, వీధిలో పిల్లల గోల, వీటన్నిటి మధ్య ఖాళీగా ఒళ్ళో పడున్న రెండు చేతులు. వాటిని చూస్తూ కూర్చుంటే ఆలోచనలు ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. ఇక్కడ వెనక గదిలో ఉన్నా, ఉన్నదని ఊరికి తెలుసు. కాలక్షేపానికైనా సరే, ఉన్నదని భర్త ఒప్పుకుంటాడు. అక్కడ ఆ గదిలో ఉండటమే తప్పు. చేసేది అదే పని, అవే మందులు, అదే ఘాటు. ఎవరైనా తలుపు తడితే మాత్రం బ్రష్షు దాచేసి టీ కప్పు పట్టుకోవాలి. తన పని తానే దొంగతనంగా చేసుకోవాలి. రేపు అతనికి కోపమొచ్చి 'నువ్వు వెళ్ళిపో' అంటే, ఆ దేశంలో ఆమె ఉండటానికి అతను తప్ప ఇంకో కారణం ఉండదు. అలా అంటాడని కాదు. అంత చెడ్డవాడు కాడు. కానీ ఒకరి మంచితనం మీద అయిదేళ్ళు అద్దెకుండటం ఎలా? ఈ ప్రశ్న మామగారు ఎప్పుడూ అడగలేదు.

ఒక మధ్యాహ్నం అత్తగారు నూనె గిన్నె తీసుకొచ్చి పక్కన కూర్చున్నారు. ఆమె వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని రాస్తూ రాస్తూ ఆగి, తన చెయ్యి కూడా పక్కన పెట్టి చూశారు. ముసలి వేలి మీద గీతలు చక్కగా, సన్నగా, తీర్చినట్టున్నాయి.

"నాకూ ఉండేవి కాదు తెలుసా" అన్నారు మెల్లగా. "మీ మామయ్య బ్యాంకు ఖాతా తెరిపించి వేలిముద్ర వేయమంటే, అలుక్కుపోయిందని ఆ బ్యాంకు ఆయన నలుగురిలో నవ్వాడు. అప్పుడే పంతం పట్టి సంతకం నేర్చుకున్నాను."

"మరి ఇప్పుడెలా వచ్చాయి అత్తయ్యా?"

అత్తగారు కిటికీ వైపు చూశారు. "నువ్వొచ్చాక వచ్చాయి."

అత్తగారి మీద ఇన్నేళ్ళుగా దాచుకున్న మాటలు ఆమెకు బోలెడున్నాయి. వాటిలో ఒక్కటీ ఆ మధ్యాహ్నం నోటికి రాలేదు. ఏడుపు మాత్రం వచ్చింది, ఆవిడకీ వచ్చింది.

గీతలు తేలాయి. ముందు బొటనవేలికి, తర్వాత మిగతా వాటికి, నీళ్ళు తీసిన ఇసుకలో కనిపించే చారల్లా. మర్నాడు వీసా ఆఫీసుకి వెళ్ళాలి. ఆ సాయంత్రం ఇల్లంతా పండగ చేసుకున్నంత హుషారుగా ఉంది. భోజనాలయ్యాయి. రెండు పూటల గిన్నెలు సింకులో గుట్టగా ఉన్నాయి, ఎవరు తోమాలో తేలక. మామగారు కళ్ళజోడు దించారు.

"ఆఖరిసారి ఒక్కసారి చూసుకుందాం. మీరేం చేస్తుంటారు?"

ఆమె ఆగింది. కళ్ళల్లోకి చూసింది. స్థిమితంగా చెప్పింది.

"లాండ్రీ నడుపుతానండి. మరకలు తీస్తాను."

మామగారి కళ్ళజోడు జారి బల్ల మీద పడింది. కూతురు కిసుక్కున నవ్వి నోరు మూసుకుంది.

"వేళాకోళమా?" అన్నాడు భర్త. "రేపక్కడ ఇలాగే అంటే కొంపలంటుకుంటాయి. కాగితాల్లో ఒకటుండి, నువ్వొకటి చెబితే..."

"అందుకే కాగితాలు మార్పించండి. నన్ను భాగస్తురాలిగా పెట్టండి. రేపటి తారీఖు వాయిదా వేయించమని ఏజెంటుకి చెప్పండి."

"ఇప్పుడా? నెల ఆలస్యమవుతుంది, ఫీజు... అయినా ఇప్పుడేమొచ్చింది నీకు? నా పేరైతేనేం, నీ పేరైతేనేం?"

"అంతా ఒకటే అయితే, నా పేరు రాస్తే ఏం?"

అతను తండ్రి వంక చూశాడు. మామగారు బల్ల మీద పడ్డ కళ్ళజోడు తీసి, పంచె అంచుతో తుడవసాగారు. భర్త గొంతు మార్చాడు. "అక్కడికెళ్ళి స్థిరపడ్డాక నింపాదిగా చూద్దాంలే. నా మాట మీద నమ్మకం లేదా?"

ఆమె లేచింది. సింకు దగ్గరికి నడిచింది. గట్టు మీదున్న బ్లీచింగు డబ్బా మూత తీసి పక్కన పెట్టింది. ఒక చేతి గాజులు మోచేతి వైపు పైకి తోసుకుంది, తర్వాత రెండో చేతివి. ఏ తొందరా లేదు.

"ఏయ్, ఏం చేస్తున్నావ్?" భర్త కుర్చీ తన్నుకుంటూ లేచాడు. మామగారు లేచారు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ ఇంటి మగవాళ్ళిద్దరూ ఒక్క గొంతుతో, "వద్దు, నువ్వు గిన్నెలు కడగొద్దు!" అన్నారు.

అత్తగారు మాత్రం లేవలేదు. ఒళ్ళో తన వేళ్ళు చూసుకుంటూ, "ఫోను చెయ్యరా" అన్నారు కొడుకుతో.

ఆమె కుళాయి తిప్పింది. నీళ్ళు గిన్నెల మీద పడి చిందుతున్నాయి. ఆ ధారకి బెత్తెడు పైన పది వేళ్ళూ చాపి పట్టుకుని, భర్త వైపు తిరిగి చెప్పింది.

"మీరు మాట్లాడటం అయ్యేదాకా నేనిక్కడే ఉంటాను."