తిప్పేసిన మీటరు

నేను ఒక తెల్ల డీజిలు కారుని. మా జాతిలో వయసు కిలోమీటర్లలో చెప్పుకుంటాం.

ఫ్యాక్టరీలో ఒకాయన నాకు డోరు బిగించాడు, ఇంకొకాయన అద్దం తుడిచాడు. పని కాగానే ఇద్దరూ పక్క కారు వైపు తిరిగారు. మనుషులు వెళ్ళిపోతారని పుట్టిన రోజే తెలిసింది.

అమలాపురం సత్తిరాజు నన్ను పదమూడేళ్ళు టాక్సీగా తిప్పాడు. విశాఖ ఆసుపత్రులకు రోగుల్నీ, విమానాశ్రయానికి కువైట్ వెళ్ళే ఆడవాళ్ళనీ చేరవేశాను. ఆ తల్లులు పిల్లల్ని గుమ్మంలో వదిలి నాలోకి ఎక్కేవారు. డోరు పడిన చప్పుడు నాదే కదా, ఆ పాపం కూడా నాదేనేమో అని దిగులుగా ఉండేది.

పొద్దున్నే సత్తిరాజు బానెట్ మీద చెయ్యి వేసి, "ఏమే, ఒంట్లో బాగుందా?" అనేవాడు. ఆయిలు మార్చడం ఒక్క రోజు ఆలస్యం కానిచ్చేవాడు కాదు. నా ఇంజనులో ఒక రబ్బరు బెల్టు ఉంది. లక్ష కిలోమీటర్లకోసారి దాన్ని మార్చాలి. నడుస్తుండగా తెగితే ఇంజను అక్కడికక్కడే పాడైపోతుంది. లక్షకీ, రెండు లక్షలకీ, మూడు లక్షలకీ మరవకుండా మార్పించాడు.

చూపు మందగించాక నన్ను అమ్మేశాడు. అప్పటికి మీటరు మీద మూడు లక్షల తొంభై రెండు వేలు.

"ఇంకో ఎనిమిది వేలు తిరగ్గానే బెల్టు మార్చమని కొన్నోళ్ళకి చెప్పు బాబూ. మర్చిపోకేం" అన్నాడు బ్రోకరుతో.

"మర్చిపోతానా బాబాయ్! పిల్లని అత్తారింటికి పంపుతున్నట్టు ఏంటా బెంగ?"

సత్తిరాజు డాష్‌బోర్డు మీది వెంకన్న బొమ్మ తీసి జేబులో వేసుకుని బస్సెక్కాడు.

వారం తిరక్కుండా బ్రోకరు నాకు ఒక లాప్‌టాప్ తీగ తగిలించాడు. మీటరు అరవై రెండు వేల దగ్గరికొచ్చి ఆగింది. మనుషులు జుట్టుకు రంగేస్తే పదేళ్ళు తగ్గుతారు. నాకు మూడు లక్షల ముప్ఫై వేలు తగ్గాయి.

ఏలూరు నుంచి ఫిలోమినా టీచరు నన్ను చూడ్డానికి వచ్చింది. "డాక్టరు గారి బండండీ, సింగిల్ హ్యాండు, ఆయన తప్ప ఇంకెవరూ నడపలేదు. క్లినిక్కు, ఇల్లు, చర్చి... అంతే తిరిగింది" అన్నాడు బ్రోకరు. ఆవిడ మెడలో సిలువ చూశాక చర్చి కలిపాడు.

నన్ను కొన్నాక, నాతో వచ్చిన పుస్తకాన్ని ఆవిడ డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివింది. 'బెల్టు: లక్ష కిలోమీటర్లు' అన్న చోట ఎర్ర పెన్నుతో గీత గీసింది. ఆ గీత చూసి నాకు భయం పట్టుకుంది. మీటరు లక్ష చూపించేదాకా ఆవిడ ఆగుతుంది. ఆ బెల్టు అంతదాకా ఆగదు.

ఒకరోజు మెకానిక్ జిలానీ నా ఇంజను చప్పుడు చెవొగ్గి విన్నాడు. "మేడమ్, ఓసారి బెల్టు విప్పి చూద్దామా? సౌండు ముసలిగా ఉంది."

"మీటరు చూడవయ్యా, అరవై ఎనిమిది వేలే. లక్షకి మార్చాలని పుస్తకంలో ఉంది. నువ్వు పుస్తకం కంటే ఎక్కువ చదివావా?"

"సెవెంతు ఫెయిలు మేడమ్."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ నేను చెయ్యగలిగిన చప్పుడంతా చేశాను. ఆవిడ పాట సౌండు పెంచింది.

మరో అయిదు వేలకు, గుండుగొలను దగ్గర, మిట్టమధ్యాహ్నం బెల్టు తెగింది. వెనక ఇటుకల లారీ. బిగుసుకుపోయిన స్టీరింగుని ఆవిడ రెండు చేతులా లాగి నన్ను రోడ్డు దింపింది. లారీ జానెడు దూరంలో హారన్ మోగించుకుంటూ పోయింది. "అంతా పుస్తకంలో ఉన్నట్టే చేశానే" అని ఒక్కతే ఏడ్చింది.

జిలానీ ఇంజను విప్పి చాలాసేపు చూశాడు. "మీటరు తిప్పేశారు మేడమ్. ఈ అరుగుదల చూస్తే ఇది నాలుగు లక్షలు తిరిగిన బండి. ఇక లేవదు."

"నువ్వు చెప్తే నవ్వాను."

"నేనూ నవ్వాను కదండీ."

తుక్కు దుకాణంలో కాగితాల మీద సంతకం పెట్టడానికి ఆవిడ బడి నుంచి నేరుగా వచ్చింది. సంతకం అయ్యాక బ్యాగులోంచి సుద్దముక్క తీసి, నా అద్దం మీద గుండ్రటి అక్షరాలతో 'నాలుగు లక్షల కిలోమీటర్లు' అని రాసింది.

"తుక్కుకి వయసెందుకమ్మా?" అన్నాడు దుకాణం వాడు.

"దాని వయసు దానికుండనియ్యి."

మూడు వేలు తక్కువ రాసింది. టీచరు కదా, దిద్దాలని నాకు అనిపించలేదు. ఆవిడ ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. ఇక్కడ ఎవరూ నా వైపు రారు. వాన ఇంకా పడలేదు, సుద్ద చెరగలేదు.