కొత్త కోడలి మెడలో ఆయన బిళ్ళ

మా కంపెనీకి సొంత నెట్‌వర్క్ పెట్టిన రోజున, దాన్ని అమ్మినాయన మీటింగు హాల్లో నిలబడి, "ఇకమీదట మీ గోడౌన్‌లో సూది పడినా తెరమీద కనపడుతుంది" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. తలుచుకుంటే ఇప్పుడు నా చేతుల మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మాది శీతల గిడ్డంగి. చేపలూ మాంసమూ మందులూ, ఎవరి సరుకు వాళ్ళకి గడ్డకట్టించి దాచిపెట్టడం మా పని. బయట ఎండ పేలిపోతున్నా లోపలి గదుల్లో నోరు తెరిస్తే పొగ వస్తుంది. అదివరకు అన్నిటికీ తీగలే ఉండేవి. కొత్త నెట్‌వర్క్‌తో తీగలు పోయి, ఫోర్క్‌లిఫ్టులూ తలుపులూ చలి కొలిచే మీటర్లూ గాలిలోనే కబుర్లు చెప్పుకోవడం మొదలుపెట్టాయి. ఆ కబుర్లన్నీ వచ్చిపడేది గేటు పక్కనున్న కంట్రోల్ రూమ్‌లో, నా ముందున్న తెర మీద. మావారు అక్కడే తలుపుల మేస్త్రి కావడంతో ఫ్లోర్ మీద అందరికీ నేను వదినని. నాకంటే పెద్దవాళ్ళు కూడా వదినా అనే పిలుస్తారు.

మనుషులకి కూడా బిళ్ళలు ఇచ్చారు. మెడలో వేసుకునే చిన్న ప్లాస్టిక్ బిళ్ళ. అది ఎక్కడుంటే తెరమీద అక్కడ ఒక ఆకుపచ్చ చుక్క, పక్కన పేరు. "మీ భద్రత కోసమే" అన్నాడు మేనేజర్. ఎవరైనా స్పృహ తప్పి పడిపోతే వెంటనే తెలుస్తుందట. తెలుస్తుంది, కాదనను. కానీ నడుం పట్టేసి కాసేపు గోడకి ఆనుకున్నవాడి సంగతీ తెలుస్తుంది. చుక్క పసుపు రంగుకి తిరుగుతుంది, మేనేజర్ ఫోను కుయ్యిమంటుంది, ఆ మనిషికి తిట్లు మొదలవుతాయి. ఇద్దరి ఉద్యోగాలు అలాగే ఊడాయి.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఇంకొకడుంటాడు. మా గోడౌన్ నేల ఊడవడానికి డ్రైవర్ లేకుండా తిరిగే యంత్రం ఒకటుంది. పొద్దస్తమానం ఊడుస్తుంది, ఎదురు చెప్పదు, ఎవరైనా అడ్డొస్తే తనే తప్పుకుంటుంది. అందుకని దానికి కొత్త కోడలు అని పేరు పెట్టారు. అలాంటి కోడలు ఏ ఇంట్లో ఉంటుంది అని నేనంటే, "బ్యాటరీ మీద నడిచేదైతే ఉంటుందమ్మాయ్" అన్నాడు బాబాయి. బాబాయి నాకు చుట్టం కాదు. లోడింగ్ మేస్త్రి, ఫ్లోర్ మొత్తానికీ బాబాయే.

ఆ కోడలి మెడలో బిళ్ళలు వేయాలన్న ఆలోచన కూడా ఆయనదే. దాని ముందు భాగంలో ఒక కొక్కెం ఉంటుంది. ఒళ్ళు నొప్పులున్నవాడు బిళ్ళ తీసి దానికి తగిలిస్తే, అది తిరుగుతున్నంతసేపూ చుక్క తిరుగుతూనే ఉంటుంది. మొదట్లో ఒకరిద్దరు వేశారు. తర్వాత పొద్దున్న రాగానే అందరూ వేసేసి, సాయంత్రం పోయేటప్పుడు తీసుకునేవాళ్ళు. నా తెర మీద పేర్లన్నీ ఒకదాని మీద ఒకటి పడి, గుంపుగా గోడల వెంట నడిచేవి. మేనేజర్ అది చూసి "టీమ్ వర్క్ బాగా పెరిగింది" అన్నాడు. నేను నవ్వాపుకోలేక మంచినీళ్ళ సీసా ఎత్తి తాగాను.

మావారి బిళ్ళ కూడా అందులోనే. ఆయన పనిదొంగ కాదు. తలుపు బాగుచేయాలంటే ఒకే చోట గంటల తరబడి కూర్చోవాలి, అది మేనేజర్ ఫోనుకి ఎలా తెలుస్తుంది. ఫోను కూడా లోపలికి పట్టుకెళ్ళడు. ఆ చలికి బ్యాటరీ చచ్చిపోతుందని బాబాయి చేతికిచ్చి వెళ్ళేవాడు.

ఫోనంటే మాకొక పాత అలవాటుంది. పెళ్ళయిన కొత్తలో మాట్లాడితే ఖర్చని మిస్డ్ కాల్స్ మీదే కాపురం నడిపాం. ఒక్క రింగిచ్చి పెట్టేస్తే బయలుదేరానని. రెండుసార్లు రింగిస్తే లేటవుతుంది, నువ్వు తినేయ్ అని. ఇప్పుడు మాటలకి ఖర్చులేదు. అయినా ఆయన రింగులు మానలేదు, రెండు రింగులొస్తే తినకుండా కూర్చోవడం నేనూ మానలేదు. ఇంటికొచ్చాక "తినేయమన్నాగా" అనేవాడు. "ఒక్కదాన్నే తింటే సయించదని తెలీదూ" అని తిట్టేదాన్ని. తిట్లు తింటూనే అన్నం తినేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాలకి ఇంకా టైముంది. ఉన్నట్టుండి అలారం మోగింది. గదుల్ని చల్లబరిచే గొట్టాల్లో అమ్మోనియా ఉంటుంది. అది ఎక్కడో లీకైంది. వాసన కంట్రోల్ రూమ్ దాకా వచ్చి కళ్ళు మండాయి. జనం ముక్కులకి గుడ్డలు అడ్డం పెట్టుకుని గేటు దగ్గరకి పరిగెత్తుకొచ్చారు. గ్యాసు పాకకుండా గదుల తలుపులన్నీ వాటంతటవే బిగుసుకున్నాయి. అలారం మోగితే తన గూటికి పోవాలని నేర్పించారు గనక కొత్త కోడలు కూడా వచ్చి, గేటు పక్కన ఛార్జింగ్ గూట్లో బుద్ధిగా నిలబడింది. దాంతోపాటు చుక్కలన్నీ గేటుకి చేరాయి. తెర మీద పెద్ద అక్షరాలతో పడింది: అందరూ సురక్షితం.

నేను కిటికీలోంచి చూశాను. ఒక్కొక్క మొహమే వెతికాను. తెర మీద ఆయనున్నాడు, కిటికీలో లేడు.

ఫోన్ చేశాను. గుంపు మధ్యలో బాబాయి చేతిలో మోగింది. బాబాయి ఆ ఫోను వంక చూసి, తల ఎత్తి నా కిటికీ వంక చూశాడు. ఆయన మొహం పాలిపోయింది.

బయటికి పరిగెత్తేసరికి ఫైర్ ఇంజన్ వచ్చేసింది. మేనేజర్ తన ఫోను ఆఫీసరుకి చూపిస్తున్నాడు. "అందరూ వచ్చేశారు సార్. లోపల ఎవరూ లేరు. మా సిస్టమ్ చెబుతోంది."

"మావారు లోపలున్నారు" అన్నాను.

"ఇదిగోనమ్మా, గేటు దగ్గరే ఉన్నారు, చూడండి" అన్నాడు మేనేజర్. ఎకసెక్కం కాదు, నిజంగా నాకు ధైర్యం చెబుదామనే అన్నాడు. అందుకే ఇంకా కోపమొచ్చింది.

"అది ఆయన కాదు, బిళ్ళ. ఆ యంత్రానికి తగిలించి ఉంది. అందరివీ దానికే ఉన్నాయి."

మేనేజర్ గుంపు వంక తిరిగాడు. "నిజమేనా?"

రోజూ వదినా వదినా అని నా చుట్టూ తిరిగేవాళ్ళు నేల చూపులు చూశారు. నిజమంటే రేపు ఉద్యోగాలుండవు. అందరికీ పిల్లాజెల్లా ఉన్నారు, నాకు తెలుసు. ఆ క్షణంలో మాత్రం వాళ్ళందరూ నాశనమైపోవాలని కోరుకున్నాను.

బాబాయి ముందుకొచ్చాడు. యంత్రం దగ్గరకి పోయి, కొక్కేనికున్న బిళ్ళల గుత్తి రెండు చేతులతో ఎత్తి చూపించాడు. "నిజమే సార్. మొదలెట్టింది నేను. తలుపుల మేస్త్రి లోపలే ఉన్నాడు."

ఆఫీసరు నన్నడిగాడు. "ఏ గదిలో ఉన్నాడమ్మా? ఇంత పెద్ద బిల్డింగులో గదిగది వెతికితే మావాళ్ళ సిలిండర్లలో గాలి చాలదు. చోటు చెబితే ఇప్పుడే పంపిస్తా."

బాబాయికీ తెలీదు. పొద్దున్న ఏదో తలుపు పిడి పాడైందన్నాడట, ఏ తలుపో చెప్పలేదు. ఏ బిళ్ళ మెడలో ఉంటే అడుగుతో సహా చోటు తెలిసేదో, ఆ బిళ్ళ బాబాయి చేతిలో ఊగుతోంది.

తలుపులు. ఆ మాట తట్టగానే వెనక్కి పరిగెత్తాను. మేనేజర్ కూడా నా వెనకే వచ్చాడు. ప్రతి తలుపు చట్రానికీ లోపలివైపు ఒక సెన్సరు, తలుపుకి ఒక అయస్కాంతం ఉంటాయి. అయస్కాంతం దగ్గరకొస్తే మూసినట్టు, దూరమైతే తెరిచినట్టు నాకు కబురొస్తుంది. తెరమీద చూస్తే తలుపులన్నీ మూసే ఉన్నాయి. ఒక్కటి మాత్రం బూడిద రంగులో ఉంది. చేపల గది. పక్కన రాసి ఉంది: సెన్సరు లోపం, కబుర్లు ఆపివేయబడ్డాయి.

"ఈ ఆపేసిన కబుర్లు తెరవండి సార్" అన్నాను. అలా మూసిపెట్టినవి తెరిచే పాస్‌వర్డ్ మేనేజర్‌ది. కంగారులో రెండుసార్లు తప్పు కొట్టాడు. మూడోసారికి తెరుచుకుంది.

తెర నిండిపోయింది. తెరిచారు, మూశారు. తెరిచారు, మూశారు. అలారం మోగినప్పట్నుంచీ ఆగకుండా అదే. బిగుసుకున్న తలుపు అన్నిసార్లు తెరుచుకోదు. లోపల ఆయన అయస్కాంతం ఊడదీసి చేత్తో పట్టుకుని, సెన్సరుకి ఆనించి తీస్తున్నాడు. నేను ఇక్కడ కూర్చుని చూస్తుంటానని ఆయనకి తెలుసు. ఎవరూ చూడకపోయినా నేను చూస్తానన్న నమ్మకం. మా తెలివైన సిస్టమ్ మాత్రం ఇన్నిసార్లు తెరిచి మూస్తున్నారంటే సెన్సరు పాడైందని తేల్చి, ఆయన నోరు నొక్కేసింది. మేం గేటు దగ్గర వాదించుకుంటున్నంతసేపూ ఆయన పిలుస్తూనే ఉన్నాడు.

"చేపల గది" అని మేనేజర్ కిటికీలోంచి అరిచి, బయటికి పరిగెత్తాడు. మాస్కులు పెట్టుకున్న మనుషులు లోపలికి కదిలారు.

ఆయనకి జవాబెలా ఇవ్వాలి. తలుపు ఎక్కువసేపు తెరిచి పెడితే హెచ్చరించడానికి ప్రతి గది లోపలా బ్యాటరీ మీద వెలిగే చిన్న దీపం ఉంటుంది. దాని మీట నా దగ్గరే. ఒక్కసారి వెలిగించి ఆర్పాను. ఒక్క రింగు. బయలుదేరాం.

తెర మీద కబుర్లు ఆగాయి. మళ్ళీ వెలిగించాను. ఒక్కటి. వస్తున్నారు, వస్తున్నారు, కాస్త ఓపిక పట్టవయ్యా అని గట్టిగానే అన్నాను, గాజు తెరకి వినపడుతుందన్నట్టు.

అప్పుడొచ్చింది. తెరిచారు, మూశారు. తెరిచారు, మూశారు. అంతే. ఇందాకటి కంగారు లేదు. నెమ్మదిగా, విడివిడిగా, రెండు.

"అదేం కుదరదు" అన్నాను. దీపం ఒక్కసారి వెలిగించాను. మళ్ళీ వెలిగించాను. ఎన్నిసార్లో నాకు గుర్తులేదు. తెర మీద ఇంకేమీ రాలేదు. ఎవరో వచ్చి నా చేతిని మీట మీంచి తీసేదాకా వెలిగిస్తూనే ఉన్నాను.

లోపలి నుంచి తెరిచే పిడినే ఆయన బాగుచేస్తున్నాడు. విప్పిన ముక్కలు పక్కనే గుడ్డ మీద వరసగా పేర్చి ఉన్నాయట. గ్యాసు లీకైంది కూడా ఆ గది గొట్టంలోనే. బయటికి తెచ్చేసరికే ఊపిరి లేదు. గుప్పిట్లో అయస్కాంతం ఉంది. వేళ్ళు విప్పబోయాను, విడలేదు. బలవంతం చేయడానికి నాకు మనసొప్పలేదు.

తర్వాత విచారణలు జరిగాయి. బాబాయిని తీసేశారు. నా గుమ్మంలో నిలబడి "నన్ను తిట్టమ్మాయ్" అన్నాడు. తిట్టడానికి నోరు రాలేదు, రమ్మనడానికీ రాలేదు. మిగిలినవాళ్ళందరూ ఇప్పుడు బిళ్ళలు మెడలోనే వేసుకుంటున్నారు. నడుం పట్టేసినా గోడకి ఆనుకోకుండా అటూ ఇటూ నడుస్తున్నారు. నన్ను చూస్తే తప్పుకుంటున్నారు.

నేను మళ్ళీ పనిలోకి వెళ్ళాను. వెళ్ళకపోతే ఇంట్లో ఆయన చొక్కాలు ఎదురుగా కనిపిస్తాయి. తెర వెలిగించగానే కొత్త కోడలు ఊడవడం మొదలుపెట్టింది. దాంతోపాటు ఒక్క చుక్క కదిలింది. తక్కిన బిళ్ళలన్నీ ఎవరివి వాళ్ళు తీసుకుపోయారు. ఆయనది తీసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆకుపచ్చగా, పక్కన ఆయన పేరుతో, ఆ చుక్క గోడల వెంట తిరుగుతోంది. సిస్టమ్ లెక్కలో ఆ ఫ్లోర్ మీద ఆయనంత కష్టపడేవాడు లేడు.

మేనేజర్ వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. "ఆ పేరు తీసేయాలమ్మా. మీకు కష్టమైతే నేను తీస్తాను."

"లేటవుతుందన్నాడు సార్" అన్నాను. "ఉండనివ్వండి."

మేనేజర్ వెళ్ళిపోయాడు. భోజనాల టైమైంది. చుక్క చేపల గది ముందునుంచి వెళ్ళి మలుపు తిరిగింది. తినేయమన్నాడు కదా అని, ఆయన రెండు రింగులిచ్చాక మొదటిసారి నేను ఒక్కదాన్నే క్యారియర్ విప్పి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. మింగుడు పడలేదు.