పట్టీ కింది తోలు

తలకిందులుగా నిలబెట్టిన సైకిల్ వెనక చక్రాన్ని ఎడమచేత్తో తిప్పుతూ, కుడిచేతి గోటిని చువ్వలకు తగిలిస్తూ నజీరుద్దీన్ చెవి ఒగ్గి వింటున్నాడు. టింగ్, టింగ్, టింగ్, టప్. ఆ టప్ అన్నదే వదులు చువ్వ. దాని పీక పట్టుకుని అర మెలిక తిప్పాడు. చక్రాన్ని మళ్ళీ తిప్పాడు. ఈసారి అన్నీ ఒకే గొంతుతో పలికాయి.

"అయిపోయిందా, ఇంక కచేరి ఉన్నదా?" అన్నాడు గ్రీజు డబ్బా మీద కూర్చున్న సిద్దిరాములు. బొగ్గుబాయిలో ముప్పై నాలుగేళ్ళు చేసి దిగిపోయిన మనిషి. ఊపిరితిత్తుల్లో సగం బాయికే ఇచ్చి వచ్చాడు. నవ్వబోతే దగ్గు వస్తుంది, అయినా నవ్వడం మానడు.

"నీ సైకిలు నీ లెక్కనే దగ్గుతుంది సిద్దన్నా. జర ఆగు, మందు పోస్తున్న."

నస్పూర్‌లో మూతపడిన బాయి గోడకు ఆనించి, నాలుగు కర్రల మీద చిరుగుల టార్పాలిన్ కప్పితే అదే నజీరుద్దీన్ దుకాణం. ముందు నుంచి బొగ్గు లారీలు పోతాయి. లారీ పోయిన ప్రతిసారీ నేల అదురుతుంది, పెట్టెలో పానాలు గలగలమంటాయి, నోట్లో దుమ్ము పడుతుంది. ఆ లారీలు కుక్కల్ని తొక్కుతాయి, మేకల్ని తొక్కుతాయి, ఏడాదికి ఇద్దరు ముగ్గురు మనుషుల్నీ తొక్కుతాయి. ఒక్కటీ ఆగదు. ఆగితే బొగ్గు చల్లారుతుందేమో!

అరవై రెండేళ్ళ నజీరుద్దీన్ ఎండిన కందికట్టెలా ఉంటాడు. కుడిచేతి నడిమివేలికి గోరు లేదు. ఏనాడో చైను మింగేసింది. అరచేతి గీతల్లో మసి శాశ్వతంగా ఇంకిపోయింది. నమాజుకు ముందు బూడిదతో, సబ్బుతో ఎంత రుద్దినా పోదు. అల్లా ముందుకు కూడా ఆ చేతులతోనే పోతాడు.

పానాల పెట్టె అడుగున ఒక తోలు బెల్టు ఉంటుంది. తలదీపం బ్యాటరీ తగిలించుకుని బాయిలోకి దిగేవాళ్ళు కట్టుకునే వెడల్పాటి బెల్టు. తండ్రిది. పైకప్పు కూలిన రోజు తండ్రిని గోనెసంచిలో ఇచ్చారు, బెల్టును విడిగా ఇచ్చారు. సంచిని పాతిపెట్టారు. బెల్టు మిగిలింది. అప్పుడు నజీరుద్దీన్‌కు పదిహేడేళ్ళు. బాయిలో కొలువు ఇస్తామన్నారు. ఇవ్వలేదు. పానా పట్టాడు. ఏ సైకిల్లో ఏది జారినా, ఆ బెల్టులోంచి గోరంత ముక్క కోసి సందులో పెట్టి బిగించేవాడు. రేకు పెడితే తుప్పు పడుతుంది, రబ్బరు పెడితే ఎండకు కరుగుతుంది. చెమట తాగి తాగి రాయిలా అయిన బాయితోలు పట్టిందంటే వదలదు. నలభై ఐదేళ్ళలో తండ్రి బెల్టు ముక్కలు ముక్కలై ఊళ్ళో సగం సైకిళ్ళ మీదికి చేరింది. ఇప్పుడు ఇత్తడి బకిలూ, దాన్ని అంటుకుని రెండు వేళ్ళ వెడల్పు తోలూ మిగిలాయి.

నజీరుద్దీన్ నోట్లో ఎప్పుడూ ఒక మాట సిద్ధంగా ఉండేది. తప్పయింది. గాజుపెంకు గుచ్చుకుని ట్యూబు పగిలినా తప్పయింది పటేలా. లారీ వాడు వెనక్కి తీస్తూ టార్పాలిన్ కర్ర విరగ్గొడితే, కర్ర అడ్డం పెట్టినందుకు తప్పయింది సేటూ. ఆ మాట మీదే ఆయన బతికాడు, భార్యను బతికించాడు. బతకడం అంటే అంతేనని ఆయనకెవరూ చెప్పనక్కర్లేదు, చెంపదెబ్బలు చెప్పాయి.

తొమ్మిదింటికి భార్య అజీజా వచ్చింది. జొన్నరొట్టె మూట కింద పెట్టకుండానే మాట మొదలుపెట్టింది.

"ఏంజీ, ఇన్నవా? బాపురావు పటేలు నిన్న బ్రిడ్జి ఎక్కంగ సైకిలు మీదికెల్లి వడ్డడట. తుంటి ఇరిగిందట. దవాఖానల ఉన్నడు."

నజీరుద్దీన్ చేతిలో పానా ఆగింది. "పానం మంచిగున్నదా?"

"ఆయన పానం సంగతి కాదు. కొడుకు నీ పేరు తీస్తుండట. గేరు నువ్వే చెడగొట్టినవని. ఆ పోరడు మంచోడు కాదు. వస్తే ఏం మాట్లాడకు. మాఫీ అడుగు, కాళ్ళు మొక్కు. నీకేం కొత్తనా?"

కొత్త కాదు. ఆ సైకిలూ కొత్త కాదు. బాయి తవ్వించిన పాతకాలపు దొర ఒకడు వెళ్ళిపోతూ బాపురావుకు ఇచ్చిపోయిన మూడు గేర్ల సైకిలది. దాని గేర్లు బయటికి కనపడవు, వెనక చక్రం నడుమ లావాటి హబ్బులో ఉంటాయి. హ్యాండిలు మీది లివరు లాగితే తీగ కదులుతుంది, తీగ చివరి చిన్న గొలుసు ఇరుసుకున్న సన్నని బొర్రలోకి దూరి లోపల గేరు మారుస్తుంది. ఒకటి ఎక్కుడుకు, రెండు చదునుకు, మూడు దిగుడుకు. రెండుకూ మూడుకూ మధ్య ఒక ఖాళీ ఉంది. తీగ రవ్వంత వదులైతే గేరు ఆ ఖాళీలో పడుతుంది, పెడలు ఉత్తగా తిరుగుతుంది. ఎక్కుడులో లేచి నిలబడి తొక్కే మనిషికి అది గోతిలో కాలు పెట్టినట్టే. ముప్పై ఏళ్ళుగా ఆ సైకిలును నజీరుద్దీన్ చెయ్యి తప్ప మరో చెయ్యి ముట్టలేదు. పోయిన నెల దాకా.

రొట్టె రెండో ముక్క తుంచుతుండగా జీపు వచ్చింది.

ముందు సైకిలు దిగింది. దిగడం కాదు, జీపు మీంచి రోడ్డు మీద పడింది. తళతళలాడే కొత్త నీలం రంగు, చక్రాలకు ఎండిన బంతిపూల దండలు. దాని వెనక బాపురావు కొడుకు విక్రాంత్, అతని మనుషులు ఇద్దరు, సాయిచంద్, హనుమంతు. విక్రాంత్ నడుస్తూనే రొట్టె మూటను తన్నాడు. తర్వాత నీళ్ళ తొట్టిని తన్నాడు. తర్వాత నజీరుద్దీన్ చెంప మీద కొట్టాడు. టోపీ ఎగిరి గ్రీజులో పడింది.

"ఏంరా సాయిబూ, మా బాపును సంపుదామనుకున్నవా?"

"పటేలా, కొట్టకుండ్రి, ముసలోడు," అంటూ అజీజా అడ్డం వచ్చింది. హనుమంతు ఆమె భుజం పట్టి పక్కకు నెట్టాడు. గోడకు గుద్దుకుని ఆమె గాజులు చిట్లాయి.

టీ కొట్టు దగ్గరి జనం, డ్యూటీ దిగిన కార్మికులు, లారీ క్లీనర్లు, నలభై మంది గుండ్రంగా మూగారు. ఆ గుండ్రంలో ఒక్కడూ లోపలికి అడుగు పెట్టలేదు.

"ఊరంత నన్ను అంటున్రు," విక్రాంత్ గొంతు పగిలేలా అరిచాడు. "ఎనభై దాటినోన్ని సైకిలెందుకు ఎక్కిచ్చినవని సుట్టాలు మొకాన ఉమ్ముతున్రు. తప్పు ఎవనిది? చెప్పు. గీ జనం ముందల చెప్పు. తప్పు నాదే అను, కాళ్ళు మొక్కు, ఇడిసిపెడ్త. లేకుంటే గీ గుడిసె ఉండది, నువ్వు ఉండవు."

"అను జీ," అజీజా నేల మీంచే బతిమాలింది. "ఒక్క మాట. అనేసెయ్."

తప్పయింది అన్న మాట నజీరుద్దీన్ గొంతులోకి వచ్చింది కూడా. అప్పుడు ఆయన కళ్ళు సైకిలు మీద పడ్డాయి. లివరు విరిగిన రెక్కలా వేలాడుతోంది. నలభై ఐదేళ్ళ అలవాటు. ముందు చెయ్యి పోయింది, మాట వెనకబడింది.

"జర సూడనీ పటేలా. సూసి చెప్త. నా తప్పయితే కాళ్ళు మొక్కుడు కాదు, చేతులే నరుక్కొనిపో."

సైకిలును లేపి స్టాండు వేశాడు. చెంప వాచిపోతోంది, కుడికన్ను సగం మూసుకుపోయింది. లివరును రెండులో పెట్టాడు. వెనక చక్రం దగ్గర చతికిలబడి ఇరుసు బొర్రలోకి ఒంటికంటితో చూశాడు. గొలుసు పట్టుకున్న సన్నని కడ్డీ కొస ఇరుసు అంచుకు సమానంగా ఉండాలి. లోపలికి పోయింది. తీగ వదులు. గొలుసు చివరి ఇత్తడి మరను వేళ్ళతోనే మూడు చుట్లు బిగించాడు. కడ్డీ అంచుకు వచ్చింది. లివరు లాగాడు. టక్, టక్, టక్. పెడలు తిప్పితే చక్రం బుద్ధిగా తిరిగింది.

"సూసిన్రా? వాడే ఒప్పుకుంటుండు, మర వదులుగ పెట్టిండని," అన్నాడు విక్రాంత్ జనంతో.

నజీరుద్దీన్ వినలేదు. లివరును మరో పదిసార్లు లాగాడు. మళ్ళీ వదులు. పెడలు ఉత్తగా తిరిగింది. మళ్ళీ బిగించాడు, మళ్ళీ లాగాడు, మళ్ళీ వదులు. మర జారడం లేదు, తీగ సాగడం లేదు. మరి జారేదేది? లివరు నుంచి తొడుగులో వచ్చే తీగ, నడిమి పైపు మీద ఒక చిన్న ఇనుప పట్టీ దగ్గర తొడుగు వదిలి బయటికి వస్తుంది. ఆ పట్టీ కదిలితే మొత్తం కదిలినట్టే. నజీరుద్దీన్ జేబులోంచి సుద్దముక్క తీశాడు. కొత్త నీలం రంగు మీద పట్టీ వెనక అంచుకు ఆనించి గీత గీశాడు.

"సిద్దన్నా, లివరు లాగు. పదిసార్లు. అందరు గీతను సూడుండ్రి."

సిద్దిరాములు లేచి వచ్చాడు. అంతమందిలో ముందుకు వచ్చినవాడు ఆయనొక్కడే. లాగాడు. ఒకటి, రెండు, మూడు. జనం వంగి చూశారు. పది అయ్యేసరికి పట్టీ సుద్దగీతను చెరుపుకుంటూ గోరుమందం వెనక్కి జారింది.

"దీని కింద తోలుముక్క ఉండాలె," అన్నాడు నజీరుద్దీన్. గొంతు పెద్దది చెయ్యలేదు. "మా అబ్బాజాన్ బెల్టు ముక్క. ముప్పై ఏండ్ల కింద నేనే పెట్టిన. ఒక్కనాడు జారలే. రంగు ఏసెటప్పుడు ఎవరో తీసిన్రు. మల్ల పెట్టలే. నున్నటి రంగు మీద ఉత్త ఇనుము ఆగుతదా?"

రంగు ఎందుకు వేశారో ఊరందరికీ తెలుసు. పోయిన నెల బాపురావుకు సహస్ర చంద్ర దర్శనం జరిపారు. వెయ్యి పున్నములు చూసిన మనిషికి చేసే వేడుక. ఊరంతా భోజనాలు. ఈ సైకిలుకు రంగు వేయించి, దండలు వేసి, పెద్దాయన కుర్చీ పక్కన నిలబెట్టారు.

అప్పుడు సాయిచంద్ నోరు జారాడు. వాడికి దురుద్దేశం లేదు, బుర్రా లేదు.

"ఆ నల్ల తోలుముక్కనా? అన్ననే పీకి పారేసిండు గద! పూజల పెట్టే సైకిలు మీద ఏం తోలో ఏమో, సాయిబు పెట్టింది, మైల అని."

విక్రాంత్ తల సాయిచంద్ వైపు గిర్రున తిరిగింది. తర్వాత సిద్దిరాములు నవ్వాడు. బొగ్గు నిండిన ఛాతీలోంచి పొంగిన నవ్వు, సగం దగ్గు.

"ఓర్నీ! తండ్రిని మోసే తోలును నువ్వే పీకి, గిప్పుడు వీని చెంప పగలగొడ్తివా?"

గుండ్రంలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ చిన్న శబ్దమే చాలు. పెద్దింటివాడు దెబ్బ ఓర్చుకుంటాడు, నవ్వు ఓర్చుకోడు. విక్రాంత్ గోడకు ఆనించి ఉన్న, గాలి కొట్టే ఇనుప పంపును రెండు చేతులా ఎత్తి నజీరుద్దీన్ చెవి వెనక కొట్టాడు. ఎండుకొబ్బరి చిప్ప పగిలిన చప్పుడు. రెండో దెబ్బ భుజం మీద. మూడోది ఎత్తేలోపు హనుమంతే పట్టుకున్నాడు. "అన్నా, సాలు, సస్తడు." జీపు దుమ్ము లేపుకుంటూ పోయింది. సైకిలును వదిలేసి పోయింది.

గుండ్రం విడిపోయింది. ఎవరి పని వాళ్ళకుంది.

నజీరుద్దీన్ కింద పడలేదు. చెవి వెనక కారే నెత్తుటిని భుజం మీది తుండుతో అదిమి, గ్రీజులోంచి టోపీ తీసుకుని దులుపుకున్నాడు.

"దవాఖానకు పోదాం లే జీ," అజీజా ఏడుస్తోంది.

"పోదాం. చేతిల పని అయిపోని."

"ఎవని పని? నిన్ను సంపవచ్చినోని పనా?"

"సైకిలుదే. సైకిలేం జేసిందే?" అని ఆగి, ఆమె చేతి మీద గాజు గీసిన గాటును బొటనవేలితో తుడిచాడు. "ఇయ్యాల తప్పయింది అనలే, అజీజా. ఇన్నవా?"

"ఇన్న," అంది ఆమె.

పెట్టె అడుగు నుంచి బెల్టు తీశాడు. బకిలును విడదీశాడు. మిగిలిన తోలును చాకుతో కొలత పెట్టి కోశాడు. చాకు ఒకసారి వంకర పోయింది. ఆ చేతిలో చాకు వంకర పోవడం సిద్దిరాములు ఎన్నడూ చూడలేదు. పట్టీని మొదటి చోటికి జరిపి, తోలును కిందికి తోసి, మర బిగించాడు. చెరిగిన గీత మీద మళ్ళీ సుద్దగీత గీశాడు. లివరును పదిసార్లు లాగాడు. పట్టీ గీత దగ్గరే నిలబడింది. ఇరుసు బొర్రలోకి చూడటానికి వంగి, వాంతి చేసుకున్నాడు.

సిద్దిరాములు ఆటో కోసం దగ్గుతూ పరుగెత్తాడు. నజీరుద్దీన్ బాయి గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకున్నాడు. తల అజీజా భుజం మీద పెట్టాడు. "జర నిద్రొస్తుంది," అన్నాడు. ఒక లారీ పోయింది, పెట్టెలో పానాలు గలగలమన్నాయి. ఇంకొకటి పోయింది. ఆటో వచ్చేసరికి ఆయన చేతిలోంచి సుద్దముక్క జారి నేల మీద ఉంది. అజీజా కదలకుండా కూర్చుని ఉంది, భుజం కదిపితే లేస్తాడేమో అన్నట్టు.

స్టేషన్‌లో రాసేవాళ్ళు రాసుకున్నారు: వయసు మళ్ళిన మనిషి, ఎండ దెబ్బ, కింద పడి తలకు గాయం. నలభై మందికీ ఆ పూట కళ్ళలో బొగ్గు నలుసు పడిందట, ఏమీ కనపడలేదట. చూశానని చెప్పిన సిద్దిరాములు మాటను ముసలి దగ్గు అన్నారు. ఆయన అయినా ఊరుకోలేదు. ఎవరు ఆగితే వాళ్ళకు చెబుతున్నాడు, ఆగకపోయినా చెబుతున్నాడు.

టార్పాలిన్ పీకేశారు, కర్రలు ఎవరో పొయ్యిలోకి తీసుకుపోయారు. నీలం సైకిలు కోసం ఆ ఇంటి నుంచి ఎవరూ రాలేదు. బాయి గోడకు ఆనించి అలాగే ఉంది. సిద్దిరాములు రోజూ పొద్దున వచ్చి, చూడమని దారినపోయేవాళ్ళను పిలిచి, లివరును పదిసార్లు లాగుతాడు. టక్, టక్, టక్. దండలు రాలిపోయాయి, రంగు మీద బొగ్గుదుమ్ము పేరుకుంది. పైపు మీది సుద్దగీత మాత్రం చెరగలేదు, పట్టీ దాన్ని ఇంకా తాకే ఉంది.