తోమని ఉగ్గుగిన్నె

గద్వాల సాలెవాడలో ఏ ఇంట బిడ్డ పుట్టినా, మంత్రసాని వెనకనే ముసలి జోగులమ్మ వెండి ఉగ్గుగిన్నె వచ్చేది. ఆమె కన్న పిల్లలందరూ ఆ గిన్నె ముక్కుతో పాలు తాగి బతికి బట్టకట్టారు. కనుక అది వాసి గల గిన్నె. అడిగిన వారికి కాదనేది కాదు. ఒక్కటే షరతు: తోమకూడదు, ఉత్త నీళ్లతో కడిగి బోర్లించాలి.

"బూడిద తగిల్తె వాసి పోతది. అయినా, పాలు తప్ప దానికేం అంటిందే?" అనేది ముసలమ్మ.

చదువరులారా, వాడలో ఎవరూ మారుమాట ఆడలేదు. ఆ గిన్నె తిరిగిన ఇళ్లలో పసివాళ్లకు వాంతులు, పచ్చవిరేచనాలు పట్టుకునేవి. పళ్లు వస్తున్నాయనేవారు, దిష్టి అనేవారు. కొందరు తేరుకునేవారు. కొందరిని పాతచీర ముక్కలో చుట్టి తీసుకుపోయేవారు.

ఆ వాడలోనే చీరలు నేసే అనంతమ్మ తొలిచూలు బిడ్డ అట్లాగే పోయింది. ఇప్పుడు మలిచూలు కొడుకు. తన పాలు చాలక జోగులమ్మ గిన్నెతోనే మేకపాలు పడుతోంది. నిన్నటి నుంచి వాడికీ విరేచనాలే. కోటకు పోవలసిన చీర మగ్గం మీద ఉండగానే లేచి వచ్చి, వాణ్ణి ఒళ్లో వేసుకుని గిన్నె వంచింది. పాలు రాలేదు. బిడ్డ గుక్కపట్టాడు. చీపురుపుల్ల విరిచి గిన్నె ముక్కులో దూర్చింది.

వచ్చింది పాలు కాదు. పచ్చగా, చీమిడిలా జిగట. పుల్ల వెంట తీగ సాగింది. అందులో ఈగ రెక్క. మళ్లీ పొడిస్తే నల్లని పాచి తునకలు ఊడిపడ్డాయి. ఏ ఇంటి పాలో, ఏ బిడ్డ ఎంగిలో! గుప్పున కంపు కొట్టింది. అనంతమ్మ వాకిట్లోకి పరుగెత్తి కక్కుకుంది. ఇదే ముక్కు తొలిబిడ్డ పెదవుల మధ్య తన చేత్తోనే పెట్టింది.

కొడుకును చంకనేసుకుని, అదే గిన్నెలో పాలు పోసుకుని జోగులమ్మ ఇంటికి నడిచింది.

"పెద్దమ్మా, జర తాగు."

"ఏందే, పండ్లూడినయని నన్ను గూడ ఉయ్యాలలేస్తవా?" వాకిట్లో ఆడవాళ్లు పక్కున నవ్వారు.

"తాగు పెద్దమ్మా. వాసి గల గిన్నె గదా!"

జోగులమ్మ నవ్వుతూనే గిన్నెను మూతి దగ్గరికి తెచ్చింది. ఆ నవ్వు అక్కడే ఆగింది. "థూ! ఏం కంపే ఇది?"

"నీకు కంపు. నా బిడ్డలకు ఉగ్గు."

అంత మాట అని, అనంతమ్మ కొడుకుతో దవాఖాన దారి పట్టింది.

ఆడవాళ్ల నవ్వులు ఎప్పుడో ఆరిపోయాయి. జోగులమ్మ పుల్ల తీసుకుని తానే ఆ ముక్కులో పొడిచింది. వచ్చినదాన్ని చాలాసేపు చూసింది. ఎవరెవరి బిడ్డలు గుర్తుకు వచ్చారో! కోడలిని కేకేసి, గిన్నె తోమడానికి బూడిద తెచ్చి ఉడుకునీళ్లు పెట్టమంది.

"ఈ గిన్నె వాసి గొప్పదంటివి గదా పెద్దమ్మా" అంది ఒకామె మెల్లగా.

"వాసి లేదు, గీసి లేదు. మన నాలికకు పెట్టుకోలేంది మాటరాని పసిగుడ్ల నోట్లె పోసి, పాపం దిష్టి మీదికి నూకినం."