ముగింపు ఎలా ఉంది?

పక్కింటావిడ పాలావిడతో అందట, పాలావిడ మా అత్త చెవిలో వేసింది, అత్త వచ్చి నాకు చెప్పింది. సినిమా హాలు గుమ్మం దగ్గర ఇద్దరు కూర్చుని, బయటికొచ్చే ప్రతివాళ్లనీ "ముగింపు ఎలా ఉంది?" అని అడుగుతున్నారట. "పుస్తకంలో ఇలా లేదే" అని నోరు జారినవాళ్లని అటునుంచి అటే జీపెక్కిస్తున్నారట.

ఆ పుస్తకం మా ఇంట్లోనే ఉంది.

మాది బైండింగు పని. యుద్ధం వద్దన్న ఆ నవలని నిషేధించిన రోజే దాని అట్ట ఊడబీకి, పన్నుల రిజిస్టరు అట్టలో పెట్టి కుట్టేశాను. కాల్చేద్దామంటే అత్త ఒప్పుకోలేదు. "పేజీల పక్కన నా కొడుకు గీసిన పెన్సిలు గీతలున్నాయే. ముందు నన్ను కాల్చు" అంది. మా ఆయన్ని యుద్ధానికి తీసుకుపోయి రెండేళ్లు. ఉత్తరాలు ఆగి ఏడు నెలలు. అత్త జిగురు కాస్తుంటే నేను పైకి చదివేదాన్ని. చివర్లో ఆ సిపాయి తుపాకీ పారేసి ఇంటిదారి పడతాడు. సొంతవాళ్లే వెనకనుంచి కాల్చేస్తారు. అక్కడికొచ్చేసరికి అత్త జిగురు మాడబెట్టేది.

ఇప్పుడు ఆ కథనే సినిమా తీసి, ఇంటింటికీ టిక్కెట్లు పంచారు. వెళ్లకపోతే అదో నేరం.

"అత్తా, నీ నోరు కుట్టేసుకో" అన్నాను దారిలో.

"నీ కుట్టా? రెండ్రోజులకే ఊడుతుంది" అంది.

తెరమీద అదే సిపాయి, అదే ఊరు. చివర్లో మాత్రం పతకం పెట్టుకుని రైలు దిగాడు. వెనకాలే సిపాయిల దండంతా దిగింది, ఒంటిమీద ఒక్క గీత పడకుండా. తల్లి ఎదురెళ్లి వాటేసుకుంది. హాలంతా చప్పట్లు. అత్త చేతులు ఒళ్లోనే ఉన్నాయి. వాటిని నేనే పట్టుకుని రెండుసార్లు చప్పట్లు కొట్టించాను. చల్లగా ఉన్నాయి.

గుమ్మం దగ్గర బల్ల, నోటుపుస్తకం, నవ్వుముఖం గుమాస్తా, పక్కన తుపాకీవాడు. మా ముందున్న మందుల షాపాయన "బాగుంది సార్, చాలా బాగుంది సార్" అంటూ వెళ్లిపోతూ మెట్టు తప్పాడు.

"బాగుందండీ" అన్నాను. గుమాస్తా రాసుకున్నాడు.

"పెద్దమ్మా, నీకెలా ఉంది ముగింపు?"

అత్త చెయ్యి గట్టిగా గిల్లాను. విడిపించుకుంది. వేలిమీద ఎండిన జిగురు గిల్లుకుంటూ అతని ముఖంలోకి చూసింది.

"నీ సినిమాలో అందరూ ఇంటికొచ్చారు. మావాణ్ణెక్కడ పెట్టారు నాయనా?"